సగం ఖాళీగా వదిలిన కాగితం: భారతదేశంలో ప్రభుత్వ పద్దులు, వాటి తనిఖీ

ఒక జిల్లా ప్రభుత్వాసుపత్రి స్టోర్సు గదిలో ఎక్స్‌రే యంత్రం ఒకటి అట్టపెట్టె విప్పకుండా పడి ఉందనుకుందాం. కొని రెండేళ్ళయింది. దాన్ని బిగించవలసిన గదికి చాలినంత విద్యుత్తు సరఫరా లేదు. నడపవలసిన టెక్నీషియన్ ఉద్యోగం ఖాళీగా ఉంది. వారంటీ అట్టపెట్టెలోనే తీరిపోయింది. ఈ సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. బయట డబ్బిచ్చి ఎక్స్‌రే తీయించుకుని వచ్చే రోగులకు మరీ బాగా తెలుసు. అయినా ప్రభుత్వానికి తెలియాలంటే దాన్ని ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి. ఒకనాడు రాష్ట్ర రాజధాని నుంచి ముగ్గురు నలుగురు ఉద్యోగులు వస్తారు. స్టాకు రిజిస్టరు, కొనుగోలు ఫైలు, లాగ్ బుక్కు అడిగి తీసుకుంటారు. వారిలో ఒకరు కాగితాన్ని నిలువుగా రెండు సగాలు చేసి, ఒక సగంలో ఇలా రాస్తారు: యంత్రం ఫలానా తేదీన చేరింది, ఫలానా మొత్తం చెల్లించారు, నేటి వరకు వాడలేదు, కారణం తెలుపవలసింది. రెండో సగం ఖాళీ. దాన్ని ఆసుపత్రి అధికారి నింపి సంతకం చెయ్యాలి.

ఆడిట్ శాఖ పరిభాషలో ఆ కాగితం పేరు ‘హాఫ్ మార్జిన్’. ఇప్పుడు ఈ వ్యవహారం చాలావరకు కంప్యూటర్ల మీదకు మారినా పేరు మాత్రం నిలిచింది. పై ఆసుపత్రి ఊహించి చెప్పినదే గాని, యంత్రం ఊహ కాదు. మూలపడిన వైద్య పరికరాల ప్రస్తావన లేని ఆరోగ్యశాఖ ఆడిట్ నివేదిక ఏ రాష్ట్రంలోనైనా అరుదు. అక్కడ రాసిన ప్రశ్న ఎవరెవరి చేతులు మారి ఎక్కడి దాకా వెళుతుంది, ఖాళీగా వదిలిన సగం చివరికి నిండుతుందా అన్నది తెలియాలంటే, దాని వెనక ఉన్న భారత ఆడిట్ అండ్ అకౌంట్స్ శాఖ గురించీ, ఆ శాఖకు అధిపతి అయిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ గురించీ కొంత తెలియాలి. పత్రికల్లో ‘కాగ్’ అన్న పొట్టి పేరుతో కనిపించేది ఈయనే.

జమాబందీ నుంచి రాజ్యాంగం దాకా

లెక్కల తనిఖీ తెలుగునాట కొత్త సంగతి కాదు. మద్రాసు రాజధానిలో ఏటేటా జమాబందీకి కరణాలు లెక్కల కట్టలు మోసుకుని వెళ్ళి, రెవెన్యూ అధికారి ముందు గ్రామం పద్దులు ఒప్పజెప్పేవారు. అయితే జమాబందీలో లెక్క అడిగేది ప్రభుత్వం, చెప్పుకోవలసినవాడు రైతు. ప్రభుత్వమే లెక్క చెప్పుకోవలసిన స్థితి రావడానికి చాలాకాలం పట్టింది.

కంపెనీ పాలన 1858లో ముగిశాక, 1860 నవంబరు 16న సర్ ఎడ్మండ్ డ్రమండ్ భారతదేశపు తొలి ఆడిటర్ జనరల్‌గా బాధ్యత స్వీకరించాడు. ఆ తేదీనే 2021 నుంచి శాఖ ‘ఆడిట్ దివస్’గా జరుపుకుంటోంది. తొలినాళ్ళలో ఆడిటర్ జనరల్ ప్రభుత్వంలో ఒక అధికారి మాత్రమే. ఖర్చు పెట్టేవారికీ లెక్క చూసేవారికీ యజమాని ఒక్కరే. 1919 చట్టంతో ఆ పదవికి ప్రభుత్వం నుంచి కొంత స్వాతంత్ర్యం దక్కింది; 1935 చట్టం దాన్ని బలపరిచింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో వి. నరహరిరావు ఆ పదవిలోకి వచ్చిన తొలి భారతీయుడయ్యారు. రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు పదవి పేరుకు ముందు ‘కంప్ట్రోలర్’ చేరింది.

ఈ పేరులో సగం అలంకారమే. బ్రిటన్‌లో ఇదే పేరున్న అధికారి అనుమతి లేనిదే ఖజానా నుంచి డబ్బు కదలదు. అక్కడ అది నిజంగా అదుపు. భారతదేశంలో కాగ్ డబ్బును ముందుగా ఆపలేడు, ఖర్చయ్యాక చూడగలడు. పేరుకు సంబంధించి మరొక ముచ్చట: ఇంగ్లీషులో ఆ మాటను ‘కంట్రోలర్’ అనే పలకడం సంప్రదాయం. రాతలో కనిపించే ‘ప్’ ఎప్పుడో, లెక్క అన్న అర్థమిచ్చే ఫ్రెంచి మాటతో పొరబడిన రాయసగాళ్ళు చేర్చినది. లెక్కల్లో తప్పులు వెతికే అధికారి పేరులోనే శతాబ్దాల నాటి తప్పు ఒకటి దిద్దుబాటు లేకుండా మిగిలిపోయింది.

రాజ్యాంగంలో 148 నుంచి 151 వరకు ఉన్న అధికరణాలు కాగ్‌కు సంబంధించినవి. రాష్ట్రపతి నియమిస్తారు. 1971 నాటి చట్టం ప్రకారం పదవీకాలం ఆరేళ్ళు, లేదా 65 ఏళ్ళ వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అది. తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించడానికి ఎంత తతంగం కావాలో అంతా కావాలి. నియమించాక జీతం తగ్గించడానికి వీల్లేదు. కార్యాలయం ఖర్చును పార్లమెంటు చర్చించవచ్చు గాని ఓటు వేసి కోయలేదు. పదవి దిగాక కేంద్ర ప్రభుత్వం కిందగాని రాష్ట్ర ప్రభుత్వం కిందగాని మరే ఉద్యోగమూ చెయ్యరాదు. రేపు ఇవ్వబోయే పదవిని చూపి ఈనాటి కలాన్ని వంచకుండా ఉండటానికి పెట్టిన కట్టడి ఇది.

రాజ్యాంగ పరిషత్తులో 1949 మే నెలలో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు అంబేద్కర్, రాజ్యాంగంలోని అధికారులందరిలో బహుశా ఇతడే అతి ముఖ్యుడనీ, ఇతడి బాధ్యత న్యాయవ్యవస్థ బాధ్యత కంటే కూడా పెద్దదనీ అభిప్రాయపడ్డారు. అదే ప్రసంగంలో ఆయన ఒక లోపాన్నీ ఎత్తిచూపారు. ప్రధాన న్యాయమూర్తికి తన సిబ్బందిని తానే నియమించుకునే అధికారం ఇచ్చి, ఆడిటర్ జనరల్‌కు ఇవ్వలేదన్నది ఆయన అసంతృప్తి. ఆ తరువాత చాలామంది గమనించిన లోపం మరొకటుంది. పదవిలో కూర్చున్నవారిని కాపాడటానికి ఇన్ని గోడలు కట్టిన రాజ్యాంగం, కూర్చోబెట్టేవారు ఎవరిని ఎలా ఎంచుకోవాలన్న దానిపై ఒక్క మాటా చెప్పలేదు. అర్హతలు లేవు, ఎంపిక సంఘం లేదు. బ్రిటన్‌లో ప్రధానమంత్రి, ప్రజాపద్దుల సంఘం అధ్యక్షుడి సమ్మతితో పేరు ప్రతిపాదించి దిగువ సభ ఆమోదం పొందాలి, పదవీకాలం పదేళ్ళు. అమెరికాలో కాంగ్రెసు నాయకుల సంఘం పేర్లు సూచిస్తుంది, సెనేట్ ధ్రువీకరిస్తుంది, పదవీకాలం పదిహేనేళ్ళు. భారతదేశంలో ఎవరి లెక్కలు చూడాలో ఆ ప్రభుత్వమే చూసేవారిని ఎంచుకుంటుంది. ఇటీవలి దశాబ్దాలలో ఈ పదవికి ఎక్కువగా వస్తున్నది, నిన్నటి దాకా అదే ప్రభుత్వంలో కార్యదర్శులుగా పనిచేసిన ఐఏఎస్ అధికారులే. 2024 నవంబరులో బాధ్యత చేపట్టిన కె. సంజయ్ మూర్తి కూడా ఐఏఎస్ నుంచి వచ్చినవారే. ఆయన కోనసీమకు చెందిన తెలుగువారు.

పద్దు వెనక అంకెలు

శాఖ పేరులో రెండు పనులున్నాయి: అకౌంట్స్, ఆడిట్. లెక్క రాయడం ఒకటి, రాసిన లెక్క సరిచూడడం మరొకటి. వార్తల్లోకి వచ్చేది రెండోదే గాని మొదటిది తెలియకుండా రెండోది అర్థం కాదు.

ప్రభుత్వం డబ్బంతా మూడు చోట్ల ఉంటుంది. పన్నులూ అప్పులూ వచ్చి చేరేది సంచిత నిధి. చట్టసభ ఆమోదం లేనిదే అందులోంచి రూపాయి తియ్యరాదు. అనుకోని అవసరాలకు ఆగంతుక నిధి. ఇక ప్రభుత్వానివి కాకుండా ప్రభుత్వం దగ్గర దాచినవి, ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండు, కాంట్రాక్టర్ల డిపాజిట్లు వంటివి, పబ్లిక్ అకౌంటులో ఉంటాయి. దీనికి చట్టసభ ఓటు అక్కర్లేదు. ఈ ఒక్క తేడా చుట్టూనే ప్రభుత్వాల లెక్కల చమత్కారం చాలా నడుస్తుంది.

ప్రతి రాబడికీ ప్రతి ఖర్చుకూ ఒక అంకెల చిరునామా ఉంటుంది. మొదటి నాలుగంకెలను మేజర్ హెడ్ అంటారు. వైద్యం, ప్రజారోగ్యం సంగతే చూస్తే, ఆసుపత్రుల నుంచి వచ్చే రాబడి 0210 కింద, జీతాలు మందులు వంటి నిత్య వ్యయం 2210 కింద, భవనాలు పెద్ద పరికరాల వంటి మూలధన వ్యయం 4210 కింద, ఇచ్చిన అప్పులు 6210 కింద చేరతాయి. చివరి మూడంకెలు మారవు. మొదటి అంకెకు రెండేసి కలుపుకుంటూ పోతే రాబడి, ఖర్చు, ఆస్తి, అప్పు ఒక్కొక్కటే బయటపడతాయి. 1970లలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి దేశమంతటికీ ఒక్కటే. శ్రీకాకుళం మందుల ఖర్చునూ గువాహటి మందుల ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూడగలిగేది అందువల్లనే.

రాష్ట్రంలో ఒక ఆసుపత్రి బిల్లు ట్రెజరీలో చెల్లింపయ్యాక, ఆ వోచరు అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి చేరుతుంది. అక్కడ నెలనెలా లెక్క కూర్చి, ఏడాది చివర రెండు పుస్తకాలు తయారుచేస్తారు. రాష్ట్రం మొత్తం రాబడి, ఖర్చు, అప్పు చూపేది ఒకటి. శాసనసభ ఏ పద్దుకు ఎంత ఆమోదించింది, శాఖలు ఎంత ఖర్చు పెట్టాయి అని పక్కపక్కన చూపేది రెండోది. ఆమోదించిన దానికంటే ఎక్కువ ఖర్చయితే, 205వ అధికరణం ప్రకారం సభ ముందుకు మళ్ళీ వచ్చి దాన్ని క్రమబద్ధం చేయించుకోవాలి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఇలాంటి అధిక వ్యయం ఏళ్ళ తరబడి క్రమబద్ధం కాకుండా పేరుకుపోయిందని కాగ్ నివేదికలు పదేపదే చెబుతూ వచ్చాయి. వినడానికి ఇది సాంకేతిక లోపంలా ఉంటుంది. నిజానికి ప్రజాప్రతినిధులు ఒప్పుకోని డబ్బు ఖర్చయిందని దాని అర్థం.

మరొక చమత్కారం పర్సనల్ డిపాజిట్ ఖాతాలు. మార్చి నెలాఖరుకు మిగిలిన నిధులు మురిగిపోకుండా, సంచిత నిధి నుంచి తీసి పబ్లిక్ అకౌంటులోని ఈ ఖాతాల్లో వేస్తారు. లెక్కల్లో ఖర్చయినట్టే, డబ్బు మాత్రం కదలలేదు. మందుల సీసా రోగికి ఇచ్చినట్టు రిజిస్టరులో రాసి, సీసాను బీరువాలోనే ఉంచుకోవడం వంటిది ఇది.

కేంద్ర ప్రభుత్వపు లెక్కలు రాసే పనిని 1976లో కాగ్ నుంచి తప్పించి ఆర్థిక మంత్రిత్వశాఖకు అప్పగించారు. రాష్ట్రాల లెక్కలు మాత్రం కాగ్ దగ్గరే మిగిలాయి. రాసేవారూ సరిచూసేవారూ ఒకే ఇంటివారు కావడం వింతే. ఆ వింతను తగ్గించడానికి 1984లో రాష్ట్రాల్లోని కార్యాలయాలను లెక్కలకు ఒకటి, ఆడిట్‌కు ఒకటిగా విడదీశారు.

ఈ లెక్కల విభాగమే తెలుగు ఉద్యోగుల ఇళ్ళల్లో ‘ఏజీ ఆఫీసు’. తల్లో తండ్రో రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన పాఠకులకు హైదరాబాదు సైఫాబాదులోని ఆ కార్యాలయం పేరు చిన్నప్పటి నుంచీ పరిచితమే. ఏడాదికోసారి ప్రావిడెంట్ ఫండు స్లిప్పు అక్కడి నుంచి వచ్చేది; పెన్షను మంజూరు కాగితం అక్కడి నుంచే రావాలి. ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడితే జీతంలో కోసిన చందా ఎవరి ఖాతాలోనూ చేరకుండా వేలాడేది. ఆ ‘మిస్సింగ్ క్రెడిట్’ కోసం పాత జీతం బిల్లుల నకళ్ళు సంచిలో పెట్టుకుని తిరిగిన పెద్దలు ఎందరో.

2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఈ కార్యాలయం మీద అసాధారణమైన పని పడింది. ఏప్రిల్ 1 నుంచి జూన్ 1 వరకు ఉమ్మడి రాష్ట్రానికి ఒక లెక్క, జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాలకు రెండు లెక్కలు. అప్పులనూ ఖాతాల్లోని నిల్వలనూ, వేరే ప్రాతిపదిక లేనిచోట జనాభాను బట్టి 58.32, 41.68 శాతాలుగా పంచాలి. అన్నదమ్ముల వాటాల్లో జరిగినట్టే, ఒప్పందం కుదిరినవి పంచారు, కుదరనివి అలాగే ఉంచారు. విభజన జరిగి ఏళ్ళు గడిచినా, ఇంకా పంచవలసిన మొత్తాల ప్రస్తావన రెండు రాష్ట్రాల వార్షిక లెక్కల్లోనూ కనిపిస్తూనే వచ్చింది.

తనిఖీ

ఆడిట్‌లో ప్రధానంగా మూడు రకాలు. లెక్కలు నిజమైన చిత్రమే చూపుతున్నాయా అన్నది మొదటిది. చట్టం, నిబంధన, ఉత్తర్వు ప్రకారమే ఖర్చు పెట్టారా అన్నది రెండోది. మూడోది పనితీరు ఆడిట్: నిబంధనలన్నీ పాటించే పెట్టారు సరే, దానివల్ల అనుకున్న ఫలితం వచ్చిందా? ఎక్స్‌రే యంత్రాన్ని టెండరు పిలిచి, తక్కువ ధరకు, సరైన పద్దు కిందే కొని ఉండవచ్చు. మొదటి రెండు ఆడిట్లలో అది నిర్దోషి. మూడోదానిలో దొరికిపోతుంది. కాగ్‌కు ఈ మూడో అధికారం లేదని వేసిన ఒక పిటిషన్‌ను 2012లో సుప్రీంకోర్టు తోసిపుచ్చుతూ, కాగ్ ప్రభుత్వానికి జమాఖర్చులు చూసే గుమాస్తా కాదన్న భావంతో వ్యాఖ్యానించింది.

ఆసుపత్రిలో రాసిన ప్రశ్నకు తిరిగి వద్దాం. జవాబు సంతృప్తికరంగా ఉంటే అది అక్కడే ముగుస్తుంది. లేకుంటే ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఒక పేరాగా చేరి ఆసుపత్రికీ, దాని పైఅధికారికీ వెళుతుంది. అక్కడా తేలకపోతే, విషయం పెద్దదైతే, ముసాయిదా పేరాగా మారి నేరుగా శాఖ కార్యదర్శి బల్లమీదకు చేరుతుంది. ఆరు వారాల్లో ప్రభుత్వం తన మాట చెప్పాలి. ఆ తరువాత మిగిలినవే నివేదికకు ఎక్కుతాయి. ఒక్కొక్క మెట్టు దగ్గర, పరిశీలించిన ఫైళ్ళను తిరగతోడి ఆధారం చూపమని పైవారు కిందివారిని అడుగుతారు. కాగ్ సంతకం చేసిన నివేదిక కేంద్రానికి సంబంధించినదైతే రాష్ట్రపతికి, రాష్ట్రానిదైతే గవర్నరుకు వెళుతుంది. వారు దాన్ని చట్టసభ ముందు ఉంచేలా చేస్తారు.

ఈ వడపోత చేసేవారు సివిల్ సర్వీసుల పరీక్ష ద్వారా ఎంపికై సిమ్లాలోని జాతీయ అకాడమీలో శిక్షణ పొందిన అధికారులు కొద్దిమందీ, ఎస్ఏఎస్ అనే కఠినమైన శాఖాపరీక్ష గట్టెక్కి పైకి వచ్చిన ఉద్యోగులు పెక్కుమందీ. పొలాల గట్లమీద కాలువల పొడవు కొలిచేదీ, గోదాములో బస్తాలు లెక్కపెట్టేదీ రెండోవారే. నివేదికల మీద వీరి పేర్లుండవు. ఈ శాఖ పనితనానికి బయట గిరాకీ ఉంది: ఐక్యరాజ్యసమితి ఆడిటర్ల బోర్డులో 2014 నుంచి 2020 వరకు భారత కాగ్ సభ్యుడు, 2020 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చూస్తున్నదీ వీరే.

నివేదిక సభకు చేరాక దాన్ని చదవవలసినది ప్రజాపద్దుల సంఘం. కేంద్రంలో ఇది 1921లో మొదలైంది. ఇప్పుడు లోక్‌సభ నుంచి పదిహేనుమంది, రాజ్యసభ నుంచి ఏడుగురు ఉంటారు. 1967లో మినూ మసానీతో మొదలుపెట్టి అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ అయింది. సంఘం ముందు నిలబడి జవాబు చెప్పేది మంత్రులు కాదు, కార్యదర్శులు. నివేదికలో ఉన్న వందలాది పేరాల్లో సంఘం ఎంచుకుని విచారించేవి కొన్ని మాత్రమే. తక్కినవాటికి కేంద్ర మంత్రిత్వశాఖలు నాలుగు నెలల్లో ఏం చర్య తీసుకున్నారో రాసి పంపాలి.

ఇంతటితో కాగ్ అధికారం అయిపోయింది. అరెస్టు చెయ్యలేడు, జరిమానా వెయ్యలేడు, డబ్బు తిరిగి కట్టించలేడు. రాయగలడు, రాసినదాన్ని సభ ముందు పెట్టించగలడు, అదీ ప్రభుత్వం పెట్టినప్పుడు.

చెప్పినా వినని కథ, ఎక్కువగా విన్న కథ

రాసినదాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి బిహార్ పశుదాణా కుంభకోణం చాలు. అక్కడి ట్రెజరీల నుంచి నెలవారీ లెక్కలు ఆలస్యంగా వస్తున్నాయనీ, నిధుల దుర్వినియోగానికి అది సూచన కావచ్చుననీ అప్పటి కాగ్ టి.ఎన్. చతుర్వేది 1985లోనే రాష్ట్ర ముఖ్యమంత్రిని హెచ్చరించారు. ఎవరూ కదలలేదు. పశుసంవర్ధక శాఖ తనకు మంజూరైన దానికి ఎన్నో రెట్లు ట్రెజరీల నుంచి తీసుకుంటూ పోయింది. 1996 జనవరిలో చాయిబాసాలో జిల్లా అధికారి సోదాలు జరిపించే నాటికి పోయిన సొమ్ము సుమారు 950 కోట్ల రూపాయలన్నది ప్రచారంలోకి వచ్చిన లెక్క. పశువులను మోసినట్టు బిల్లుల్లో చూపిన లారీల నంబర్లు కొన్ని స్కూటర్లవని దర్యాప్తులో తేలింది. ఇది రహస్యంగా సాగిన దొంగతనం కాదు. పద్దుకు మించిన ఖర్చు ప్రభుత్వపు లెక్కల్లోనే అంకెలుగా పడి ఉంది. జ్వరం పట్టికలో గీత పదకొండేళ్ళపాటు పైకి పోతుంటే మంచం పక్కన నిలబడ్డవారు చూడకపోవడం వంటిది. కంచే చేను మేస్తున్నప్పుడు పట్టిక చూసే తీరిక ఎవరికుంటుంది?

2010 నవంబరులో వచ్చిన 2జీ స్పెక్ట్రమ్ నివేదికది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కథ. వేలం వెయ్యకుండా లైసెన్సులు ఇవ్వడంవల్ల ఖజానాకు రాకుండా పోయిన రాబడిని ఆ నివేదిక నాలుగు రకాలుగా అంచనా కట్టింది. అన్నిటిలో చిన్నది 57,666 కోట్లు, పెద్దది 1,76,645 కోట్లు. దేశం ఆ పెద్ద అంకెనే పట్టుకుంది. అంచనా అన్న మాట రాలిపోయి, అది ఎవరో జేబులో వేసుకున్న సొమ్ముగా ప్రచారమైంది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. 2017 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అప్పుడు ఇంకొక వర్గం, నివేదికే అబద్ధమని తేల్చేసింది. రెండూ తప్పుడు చదువులే. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనిపించిందని రాయడం ఒకటి, అది క్షయ అని నిర్ధారించడం ఒకటి, ఆ రోగాన్ని ఫలానావారు అంటించారని రుజువు చెయ్యడం మరొకటి. లైసెన్సులిచ్చిన పద్ధతి తప్పని చెప్పడానికి ఆడిట్ సరిపోతుంది. లంచం రుజువు చెయ్యడానికి సరిపోదు. అయితే ఊహాజనితమైన నష్టాన్ని అంత పెద్ద అంకెగా అచ్చువేసేటప్పుడు దాన్ని చదివే తీరు ఎలా ఉంటుందో ఆడిటర్లకు తెలియకపోదు. ఆ బాధ్యతలో వారికీ కొంత వాటా ఉంది.

2023 ఆగస్టులో వచ్చిన రెండు నివేదికల్లోనూ ఇలాంటి అంకెలున్నాయి. ద్వారకా ఎక్స్‌ప్రెస్ వేకు కిలోమీటరుకు మంత్రివర్గ సంఘం అనుకున్నది 18.20 కోట్లయితే మంజూరైనది 250.77 కోట్లన్నది ఒకటి. మొదటిది దేశమంతటి రహదారుల సగటు, రెండోది ఎక్కువభాగం స్తంభాలమీద నడిచే ఎనిమిది వరసల రోడ్డు ధర అని ప్రభుత్వం చెప్పిన సమాధానంలో పస ఉంది. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా పథకం నివేదిక వేరు. 7,49,820 మంది లబ్ధిదారులు 9999999999 అన్న ఒకే ఫోను నంబరు కింద నమోదై ఉన్నారు. చికిత్సలో చనిపోయినట్టు అదే వ్యవస్థలో నమోదైన 3,446 మంది పేర్ల మీద ఆ తరువాత 6.97 కోట్ల రూపాయలు చెల్లింపయ్యాయి. ఫోను నంబరు లబ్ధిదారును గుర్తించడానికి కాదు, సమాచారం పంపడానికేనని ప్రభుత్వం జవాబిచ్చింది. మొదటి లోపానికి ఆ జవాబు కొంత వర్తించవచ్చు. ఒకసారి చనిపోయారని రాసిన మనిషి మళ్ళీ ఆసుపత్రిలో చేరితే కంప్యూటరు అభ్యంతరం చెప్పకపోవడానికి మాత్రం వర్తించదు. అవి దొంగ బిల్లులా, ఆలస్యంగా చేరిన బిల్లులా అన్నది ఒక్కొక్క కేసు తెరిచి చూడవలసిన సంగతి.

తాళం ఎవరి చేతిలో

1971 చట్టం 18వ సెక్షన్ ప్రకారం కాగ్ ఏ ఫైలు అడిగినా ఇవ్వాలి. ఇవ్వకపోతే శిక్ష ఏమిటో మాత్రం ఆ చట్టంలో లేదు. సమాచార హక్కు చట్టం కింద ఒక సామాన్య పౌరుడు అడిగితే ముప్పై రోజుల గడువూ, ఇవ్వని అధికారికి జరిమానా ఉన్నాయి. రాజ్యాంగం నియమించిన ఆడిటర్‌కు లేవు. దీన్ని మార్చమని 2010 ప్రాంతంలో కాగ్ కార్యాలయమే ప్రతిపాదనలు పంపింది. చట్టం మారలేదు.

నివేదికను సభలో పెట్టడానికి కూడా గడువు లేదు. 151వ అధికరణం పెట్టించాలని చెబుతుంది గాని ఎప్పటిలోగా అన్నది చెప్పదు. ఢిల్లీలో పద్నాలుగు నివేదికలు ఇలా ఆగిపోయాయి. ప్రతిపక్ష సభ్యులు హైకోర్టుకు వెళ్ళగా, 2025 జనవరిలో కోర్టు ఆలస్యం విపరీతమైనదని అన్నది; సభను సమావేశపరచమని ఆదేశించడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారాక, ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఒక్కొక్కటే బయటకు వచ్చాయి. మద్యం విధానంవల్ల సుమారు 2,002 కోట్ల నష్టమన్న నివేదిక పతాక శీర్షికలకు ఎక్కింది. ఆ వెంటనే ఆరోగ్య సేవల నివేదిక కూడా వచ్చింది. మంచాలు, మందులు, ఖాళీగా ఉన్న నర్సుల ఉద్యోగాల గురించి సకాలంలో చదివి ఉంటే కొందరు రోగులకైనా పనికివచ్చేది. కొత్త ప్రభుత్వం చేతికి అది పాత ప్రభుత్వం మీద విసిరే రాయిగా అందింది. ఏ పార్టీ ఎక్కడ అధికారంలో ఉన్నా నివేదికలు సమావేశాల చివరిరోజున బల్లమీదకు రావడం మామూలే; చర్చకు వ్యవధి ఉండదు.

అమెరికాలో ఉన్న పాఠకులు అక్కడి జీఏఓ నివేదికలను చూసే ఉంటారు. ఆ సంస్థ లెక్కలు రాయదు, కాంగ్రెసు కోసం పరిశీలిస్తుంది. ఎక్కువ నివేదికలను తానే ప్రచురిస్తుంది. అంతకంటే గమనించదగ్గది మరొకటుంది. నాలుగేళ్ళ కిందట చేసిన సిఫారసుల్లో ఎన్ని అమలయ్యాయో ఏటేటా లెక్కగట్టి చెబుతుంది. సాధారణంగా అది నాలుగింట మూడు వంతుల దరిదాపుల్లో ఉంటుంది. తాను ఎన్ని తప్పులు పట్టానన్నది కాకుండా, ఎన్ని దిద్దించానన్నది ఆ సంస్థ కొలబద్ద.

భారతదేశపు నివేదికల్లోనూ ఒక లెక్క ఉంటుంది, అనుబంధాల్లో, చిన్న అక్షరాల్లో. ఏ శాఖలో ఏ సంవత్సరం నాటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు ఎన్ని, వాటిలో తేలని పేరాలు ఎన్ని, వాటి విలువ ఎంత అన్న పట్టికలవి. ప్రశ్న రాసిన ఆడిటర్ అప్పటికి వేరే ఊరికి బదిలీ అయి ఉంటాడు. జవాబు చెప్పవలసిన ఆసుపత్రి అధికారి స్థానంలోకి మూడో మనిషి వచ్చి ఉంటాడు. యంత్రం కొన్ననాటి ఫైలు ఎక్కడుందో ఆయనకు తెలియదు. అలాంటి పట్టికల్లో కొన్నిటికి చివర వేరే గడి ఒకటి ఉంటుంది: తొలి జవాబు కూడా ఇంకా రానివి ఎన్ని అని.